అన్నవాహికలో హెచ్‌పీవీ: బయాప్సీ నివేదికలోని ఆ ఒక్క మాటకు ఎంత విలువ ఇవ్వాలి?

గుండెల్లో మంట ఎంతకీ తగ్గకపోవడంతో ఎండోస్కోపీ చేయించుకున్నారనీ, అన్నవాహిక మధ్యభాగంలో 4 మిల్లీమీటర్ల చిన్న పులిపిరి లాంటిది కనిపించగా వైద్యులు దాన్ని అప్పుడే పూర్తిగా తీసి పరీక్షకు పంపారనీ, "స్క్వేమస్ పాపిలోమా, కోయిలోసైట్ మార్పులు ఉన్నాయి, హెచ్‌పీవీ సంబంధం ఉండవచ్చు, డిస్‌ప్లేసియా లేదు" అని పాథాలజీ నివేదిక వచ్చిందనీ మీరు రాశారు. ఇది క్యాన్సర్‌గా మారుతుందా, అసలు ఆ వైరస్ అన్నవాహికలోకి ఎలా చేరింది, వైరస్ ఏ రకమో పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్షతో తేల్చుకోవాలా, మీ భార్యకు పరీక్షలు అవసరమా, ఇప్పుడు టీకా వేయించుకుంటే ప్రయోజనం ఉంటుందా అన్నవి మీ ప్రశ్నలు. ఎండోస్కోపీ గదిలోనూ, పాథాలజిస్టుల పక్కన మైక్రోస్కోపు ముందు కూర్చునీ ఇలాంటి నివేదికలను ఏళ్ల తరబడి చూసిన అనుభవంతో చెబుతున్నాను: ఆ నివేదికలో మీరు పట్టుకున్న మాట హెచ్‌పీవీ, మీ ఆరోగ్యానికి సంబంధించినంతవరకు బరువైన మాట మాత్రం చివరిది, డిస్‌ప్లేసియా, అంటే క్యాన్సర్‌కు ముందు కణాల్లో వచ్చే మార్పు, లేదన్నది. కణజాలంలో వైరస్ ఉండటం ఒక సంగతి, ఆ వైరస్సే జబ్బును నడిపించడం మరో సంగతి. అన్నవాహిక విషయంలో ఈ రెండింటినీ కలిపేయడం వల్ల వైద్యుల్లో సైతం దశాబ్దాలుగా గందరగోళం సాగుతోంది కాబట్టి, మీరు కంగారుపడటంలో వింతేమీ లేదు.

హెచ్‌పీవీ, అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్, అన్నది ఒకే వైరస్ పేరు కాదు. 200కు పైగా రకాలున్న ఒక పెద్ద కుటుంబం పేరు. ప్రతి రకంలోనూ సుమారు 8,000 బేస్ జతల పొడవున్న వలయాకారపు డీఎన్‌ఏ, దాని చుట్టూ ఒక ప్రొటీన్ తొడుగు, అంతే ఉంటాయి. వీటిలో 6, 11 రకాలు జననాంగాల మీద పులిపిర్లనూ, స్వరపేటికలో పాపిలోమాలనూ కలిగిస్తాయి గానీ క్యాన్సర్‌కు దారితీయడం చాలా అరుదు. 16, 18 వంటి రకాలు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమని తేల్చినందుకే హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి దక్కింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొత్తం 12 రకాలను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవిగా వర్గీకరించింది. కాబట్టి నివేదికలో హెచ్‌పీవీ అని ఉన్నంత మాత్రాన అది క్యాన్సర్ రకమేనని అనుకోవడానికి వీల్లేదు. అన్నవాహిక పాపిలోమాల్లో వైరస్ దొరికిన సందర్భాల్లో 6, 11 రకాలు కనిపించడం మామూలే. 16వ రకం కనిపించిన నివేదికలు కూడా ఉన్నాయి.

ఈ వైరస్ రక్తంలోకి వెళ్లి శరీరమంతా తిరగదు. చర్మం మీదనో, నోరు, గొంతు, జననాంగాల లోపలి పొర మీదనో కంటికి కనిపించని చిన్న గీరుడు పడినప్పుడు, ఆ సందులోంచి పొర అడుగున ఉండే మూలకణాలను చేరి అక్కడ ఉండిపోతుంది. ఆ కణాలు పైకి ఎదుగుతూ ముదిరేకొద్దీ వైరస్ తన ప్రతులను పెంచుకుని, రాలిపోయే పైకణాలతో పాటు బయటపడుతుంది. ఈ క్రమంలో కణాలు పగిలి వాపు రావడం ఉండదు కాబట్టి రోగనిరోధక వ్యవస్థకు దీని ఉనికి తెలియడానికి నెలలు పడుతుంది. అయినా చాలామందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దీన్ని అణచివేస్తుంది. అన్నవాహిక దాదాపు 25 సెంటీమీటర్ల పొడవున్న గొట్టం; దాని లోపలి పొర కూడా నోటిలోని పొర లాంటి స్క్వేమస్ అనే చదునైన కణాలతోనే ఏర్పడి ఉంటుంది గనుక వైరస్ అక్కడ నిలదొక్కుకోవడానికి సూత్రరీత్యా అడ్డంకి ఏమీ లేదు. ఆమ్లం పైకి తన్నడం వల్లనో, మరేదైనా కారణంతోనో పొర ఒరుసుకుపోయిన చోట ప్రవేశం ఇంకాస్త సులువవుతుంది.

ఎలా చేరిందన్న ప్రశ్నకు వ్యక్తిగత స్థాయిలో జవాబు దొరకదు, వెతకడం వల్ల ప్రయోజనం కూడా లేదు. ఎక్కువగా నోటి ద్వారా, లైంగిక సంబంధమైన స్పర్శతో చేరుతుంది. ప్రసవ సమయంలో తల్లి నుంచి బిడ్డకు చేరే అవకాశం కూడా ఉంది. చేరిన వైరస్ ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు కాబట్టి ఇప్పుడు కనిపించినదాన్ని బట్టి అది ఎప్పటిదో చెప్పలేము. అమెరికాలో 2009, 2010 సంవత్సరాల్లో 14 నుంచి 69 ఏళ్ల మధ్య వయసువారిపై జరిగిన జాతీయ సర్వేలో, నోటిని పుక్కిలించిన నీటిని పరీక్షిస్తే 6.9 శాతం మందిలో ఏదో ఒక రకం హెచ్‌పీవీ దొరికింది, పురుషుల్లో 10.1 శాతం, స్త్రీలలో 3.6 శాతం. అంత ప్రమాదకరమైనదిగా పేరుపడిన 16వ రకం 1 శాతం మందిలో ఉంది. వీరిలో అత్యధికులకు ఏ జబ్బూ లేదు, రాదు కూడా. ఇంత విస్తారంగా మనుషుల మధ్య తిరిగే వైరస్ ఒక నివేదికలో కనిపించిందని భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకోవడం నేను చూశాను కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను: ఆ నివేదిక మీ దాంపత్యం గురించి ఏమీ చెప్పడం లేదు.

ఇక మీకు వచ్చిన పెరుగుదల సంగతి. అన్నవాహికలో స్క్వేమస్ పాపిలోమా అరుదైనదే. ఎండోస్కోపీ చేయించుకున్నవారిలో ఒక శాతంలోపు మందిలోనే కనిపిస్తుంది. సాధారణంగా ఒక్కటే ఉంటుంది, చాలావరకు 5 మిల్లీమీటర్లకు మించదు, తెల్లగానో లేత గులాబీ రంగులోనో, పైభాగం చిన్న చిన్న మొటిమల్లా ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఇప్పటి ఎండోస్కోపీ యంత్రాల్లో ఉండే ప్రత్యేక కాంతిలో దగ్గరగా చూస్తే ఉపరితలం మీద అడ్డంగా సాగే సన్నని రక్తనాళాలు కనిపిస్తాయి. బయటికి పొడుచుకు రావడం, పులిపిరి రూపం, ఈ రక్తనాళాలు, ఈ మూడూ కలిస్తే పాపిలోమా అని చాలావరకు చూపుతోనే చెప్పవచ్చు. ఇవి లక్షణాలేమీ కలిగించవు. మీ గుండెమంటకు కారణం ఇది కాదు. ఆ మంట ఉండబట్టి ఎండోస్కోపీ జరిగింది, జరగబట్టి ఇది బయటపడింది. సంబంధం ఏదైనా ఉంటే అది అటునుంచి ఇటు ఉండవచ్చు: పైకి తన్నే ఆమ్లం దీర్ఘకాలం ఒరిపిడి కలిగించిన చోట పొర దెబ్బతిని, మానుతూ, మళ్లీ దెబ్బతింటూ ఇలాంటి పెరుగుదలకు తావిస్తుందన్న అభిప్రాయం బలంగానే ఉంది. పాపిలోమాలన్నీ వైరస్ వల్లనే వస్తాయన్నది నిజం కాదు. వేర్వేరు చోట్ల పరీక్షించిన పాపిలోమాల్లో హెచ్‌పీవీ అసలు దొరకని సందర్భాలు ఉన్నాయి, సగానికి పైగా వాటిలో దొరికిన సందర్భాలూ ఉన్నాయి. మొత్తం మీద చూస్తే వైరస్ లేనివే ఎక్కువ.

కోయిలోసైట్ అన్న పదం మీ నివేదికలో ఉంది. కేంద్రకం పెద్దదై, ముడతలుపడి, ముదురు రంగు తిరిగి, దాని చుట్టూ ఖాళీ వలయం ఏర్పడిన కణాన్ని అలా అంటారు. గర్భాశయ ముఖద్వారపు కణాల్లో ఈ రూపాన్ని హెచ్‌పీవీకి గుర్తుగా ఎంతో నమ్మకంతో వాడతారు. అన్నవాహికలో ఆ నమ్మకం కొంత తగ్గించుకోవాలి. అన్నవాహిక పైపొర కణాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం సహజంగానే నిండి ఉంటుంది. స్లైడు తయారుచేసేటప్పుడు అది కరిగిపోయి కేంద్రకం చుట్టూ ఖాళీ మిగులుతుంది. ఆమ్లపు తాకిడికి లోనైన కణాల కేంద్రకాలు కూడా కొంత ఉబ్బుతాయి. ఈ రెండూ ఒకేచోట కలిస్తే అనుభవజ్ఞుడైన పాథాలజిస్టు సైతం "ఉండవచ్చు" అని రాయక తప్పదు. మీ నివేదిక రాసినవారు ఆ మాటను ఉద్దేశపూర్వకంగానే వాడారని నాకు అనిపిస్తోంది. అది జాగ్రత్త తెలిసినవారి రాత.

పాపిలోమా అని తేలిన ప్రతి సందర్భాన్నీ ఇంత తేలికగా తీసుకోవచ్చా అంటే, కూడదు. మొదట చూడవలసింది పరిమాణం. ఒక సెంటీమీటరు దాటినది, అడుగు వెడల్పుగా పరుచుకున్నది, మధ్యలో పుండు పడినది, తీసినచోటే త్వరగా తిరిగి వచ్చినది అయితే మరింత లోతుగా ఆలోచించాలి. వెర్రుకస్ కార్సినోమా అనే అరుదైన క్యాన్సర్ ఒకటి ఉంది. అది నెమ్మదిగా పెరుగుతుంది, పైపైన చూస్తే అచ్చం పులిపిరిలాగే ఉంటుంది, పైనుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే కణాలు దాదాపు మామూలుగానే కనిపిస్తాయి. అసలు గుట్టు ఆ పెరుగుదల అడుగున, అది లోపలి పొరల్లోకి ఒత్తుకుపోయే చోట ఉంటుంది కాబట్టి, పైముక్కలు మాత్రమే పంపితే ఎన్నిసార్లయినా పాపిలోమా అనే నివేదికే వస్తుంది. పెరుగుదల పెద్దదిగా ఉండి, మింగడం కష్టమవుతూ, నివేదిక మాత్రం ప్రతిసారీ మామూలుగా వస్తూంటే ఆ నివేదికను నమ్మి ఊరుకోకూడదు. పొర కిందిభాగంతో సహా మొత్తంగా తీసే పద్ధతిలో మళ్లీ నమూనా తీసుకోవాలి. మీ విషయంలో 4 మిల్లీమీటర్ల పెరుగుదలను మొత్తంగా తీసి, మొత్తంగా పరీక్షించారు గనుక ఈ అనుమానానికి చోటు లేదు.

రెండోది సంఖ్య. అన్నవాహిక నిండా పాపిలోమాలు పుట్టుకొచ్చే పాపిలోమటోసిస్ అనే స్థితి చాలా అరుదు గానీ, దాన్ని వేరుగా చూడాలి. దానిలో క్యాన్సర్‌గా మారిన రోగులను వైద్య పత్రికలు నమోదు చేశాయి. స్వరపేటికలో 6, 11 రకాల వల్ల మళ్లీ మళ్లీ పాపిలోమాలు వచ్చే జబ్బు ఉన్నవారిలో అవి కొన్నిసార్లు అన్నవాహిక పైభాగానికి పాకుతాయి కాబట్టి, అనేక పాపిలోమాలు ఉన్నవారిని గొంతు బొంగురు గురించి అడగాలి, స్వరపేటికను చూపించాలి. గోల్ట్జ్ సిండ్రోమ్ అనే జన్యు సంబంధమైన చర్మవ్యాధి ఉన్నవారిలోనూ అన్నవాహికలో పాపిలోమాలు వస్తాయి. అవయవ మార్పిడి తర్వాత మందులు వాడేవారు, హెచ్‌ఐవీ ఉన్నవారు వంటి రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఇవి మొండిగా పెరగవచ్చు. ఇక్కడే మరో తేడా చెప్పాలి: అలాంటివారిలో మింగితే భరించలేని నొప్పి వస్తే దానికి కాండిడా అనే ఫంగస్, హెర్పిస్, సైటోమెగలో వైరస్ వంటివి కారణమవుతాయి తప్ప, హెచ్‌పీవీ అలాంటి తీవ్రమైన నొప్పినీ వాపునీ సాధారణంగా కలిగించదు.

ఇప్పుడు మీ అసలు భయం దగ్గరికి వద్దాం. అన్నవాహిక స్క్వేమస్ క్యాన్సర్‌కు హెచ్‌పీవీతో సంబంధం ఉండవచ్చన్న ఆలోచనను 1982లో ఫిన్లాండ్‌కు చెందిన కారి సిర్యానెన్ ముందుకు తెచ్చారు. క్యాన్సర్ గడ్డల అంచుల్లో పులిపిర్లలో కనిపించే మార్పుల వంటివే ఆయనకు కనిపించాయి. తర్వాత పీసీఆర్ పరీక్ష అందుబాటులోకి రావడంతో ప్రపంచవ్యాప్తంగా ఈ గడ్డల్లో వైరస్ డీఎన్‌ఏ కోసం వెతకడం మొదలైంది. వచ్చిన ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే తల తిరుగుతుంది: ఒక ప్రయోగశాల గడ్డల్లో సగానికి పైగా వైరస్ ఉందంటుంది, మరో ప్రయోగశాల ఒక్కదానిలోనూ లేదంటుంది, రెండూ ఈ క్యాన్సర్ ఎక్కువగా ఉండే ప్రాంతాల రోగులనే పరిశీలించి ఉంటాయి. ప్రాంతాల మధ్య నిజమైన తేడాలు కొంత ఉండవచ్చు. కానీ ఇంత అంతరానికి ప్రధాన కారణం పరీక్షా విధానమేనని నా అభిప్రాయం. పీసీఆర్ అతి స్వల్పమైన డీఎన్‌ఏను కూడా కోట్ల రెట్లు పెంచి చూపుతుంది. అదే బల్ల మీద అంతకుముందు గర్భాశయ ముఖద్వారపు నమూనాలు పరీక్షించి ఉంటే, ఆ గాలిలోని అణువంత డీఎన్‌ఏ చాలు ఫలితం తారుమారు కావడానికి. ఎండోస్కోపీ గొట్టం నోరు, గొంతు గుండా దిగేటప్పుడు అక్కడి వైరస్‌ను కిందికి మోసుకుపోవచ్చు కూడా.

వైరస్ దొరకడానికీ వైరస్ కారణం కావడానికీ మధ్య ఉన్న దూరాన్ని కొలవడానికి మెరుగైన మార్గాలు ఉన్నాయి. హెచ్‌పీవీ క్యాన్సర్ కలిగించే తీరు బాగా తెలిసినదే: ఈ6 అనే వైరస్ ప్రొటీన్ కణంలోని పీ53 అనే కాపలా ప్రొటీన్‌ను నాశనం చేస్తుంది, ఈ7 అనేది ఆర్‌బీ అనే మరో కాపలా ప్రొటీన్‌ను పనిచేయనివ్వదు. ఈ పని నిరంతరం జరుగుతూ ఉంటేనే క్యాన్సర్ కణం బతుకుతుంది కాబట్టి, నిజంగా వైరస్ వల్ల వచ్చిన గడ్డలో దాదాపు ప్రతి కణంలోనూ వైరస్ డీఎన్‌ఏ ఉండాలి, ఈ6, ఈ7 జన్యువుల నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారవుతూ ఉండాలి. పీ53ను వైరస్సే కాజేస్తున్నందున ఆ జన్యువు స్వయంగా దెబ్బతినాల్సిన అవసరం ఉండదు. టాన్సిల్ ప్రాంతంలో వచ్చే హెచ్‌పీవీ క్యాన్సర్లలో సరిగ్గా ఇదే కనిపిస్తుంది. అన్నవాహిక స్క్వేమస్ క్యాన్సర్లలో ఇందుకు పూర్తిగా విరుద్ధమైన చిత్రం ఉంది. వైరస్ దొరికినా చాలా సందర్భాల్లో వంద కణాలకు ఒక ప్రతి కూడా ఉండదు, చురుకైన ఆర్‌ఎన్‌ఏ ఉండదు, పీ53 జన్యువు అత్యధిక శాతం గడ్డల్లో దెబ్బతిని ఉంటుంది. 2017లో క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ పరిశోధకులు 164 అన్నవాహిక గడ్డల జన్యు పదార్థాన్ని సమగ్రంగా చదివి ప్రచురించిన పరిశీలనలోనూ, ఈ క్యాన్సర్‌ను హెచ్‌పీవీ నడిపిస్తున్నదనడానికి ఆధారం దొరకలేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో వెలువరించిన సంపుటిలో 16వ రకం వల్ల క్యాన్సర్ వస్తుందనడానికి తగినన్ని ఆధారాలున్న అవయవాలుగా గర్భాశయ ముఖద్వారం, యోని, దాని వెలుపలి భాగం, పురుషాంగం, మలద్వారం, నోరు, టాన్సిల్ ప్రాంతాలను పేర్కొంది. ఆ వరుసలో అన్నవాహిక లేదు.

టాన్సిల్‌కూ అన్నవాహికకూ మధ్య దూరం కొద్ది అంగుళాలే అయినా ఇంత తేడా ఎందుకన్నది మంచి ప్రశ్న. గర్భాశయ ముఖద్వారంలో రెండు రకాల పొరలు కలుసుకుంటూ, ఒకటి మరొకటిగా మారే సంధి ప్రాంతం ఉంటుంది. టాన్సిల్ లోపలి సందుల్లో పొర పలచబడి, అక్కడక్కడ తెగి, అడుగు కణాలు బయటపడి ఉంటాయి. ఈ వైరస్ క్యాన్సర్‌గా పరిణమించేది ప్రధానంగా అలాంటి చోట్లలోనే. అన్నవాహికలో అధిక భాగం దట్టమైన, ఏకరూపమైన స్క్వేమస్ పొర. అక్కడ వైరస్ వచ్చినా తన మామూలు జీవనచక్రం ముగించుకుని వెళ్లిపోవడమే ఎక్కువ. అన్నవాహిక జీర్ణాశయాన్ని కలిసే చోట, బారెట్ మార్పు (ఆమ్లపు తాకిడితో స్క్వేమస్ పొర స్థానంలో పేగు పొర లాంటిది రావడం) వచ్చినవారిలో, ఇలాంటి సంధి ఏర్పడుతుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు కొందరు ఆ ప్రాంతపు డిస్‌ప్లేసియాలోనూ, అడినోకార్సినోమా అనే గ్రంథి కణాల క్యాన్సర్‌లోనూ చురుకైన హెచ్‌పీవీని చూశామని ప్రచురించారు. ఇతర చోట్ల అదే స్థాయిలో ఫలితాలు రాలేదు కాబట్టి చికిత్సా నిర్ణయాలు దాని మీద ఆధారపడటం లేదు.

ఈ వాదన పూర్తిగా ముగిసిపోయిందని అనలేకపోవడానికి పశువుల్లో జరిగిన ఒక పరిశోధన కారణం. నాకు ఈ మొత్తం విషయంలో అత్యంత ఆసక్తికరంగా అనిపించే అధ్యాయం అదే. స్కాట్లాండ్ కొండ ప్రాంతాల్లో మేసే పశువులకు అన్నవాహిక, నోరు, జీర్ణాశయం పైభాగాల్లో బోవైన్ పాపిలోమా వైరస్ 4వ రకం వల్ల పాపిలోమాలు వస్తాయి. మామూలుగా అవి కొంతకాలానికి రాలిపోతాయి. బ్రాకెన్ అనే ఫెర్న్ జాతి మొక్కను ఎక్కువగా తినే పశువుల్లో మాత్రం అవి తగ్గకుండా విస్తరించి, కొన్ని క్యాన్సర్‌గా మారతాయని విలియం జారెట్ బృందం 1970ల చివరలో చూపింది. ఆ మొక్కలోని పదార్థాలు ఒకవైపు రోగనిరోధక శక్తిని అణచివేస్తాయి, మరోవైపు డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. ఇంకా విచిత్రం ఏమిటంటే, అలా వచ్చిన క్యాన్సర్ గడ్డల్లో వైరస్ డీఎన్‌ఏ చాలాసార్లు కనిపించనే కనిపించదు. అంటే వైరస్ మొదటి అడుగు వేయించి తప్పుకుందన్నమాట. మనుషుల్లోనూ ఇలాగే జరుగుతూ ఉండవచ్చు గదా అని కొందరు వాదిస్తారు. అయితే వైరస్ దొరికితే అది కారణమనీ, దొరకకపోతే పని ముగించుకుని వెళ్లిపోయిందనీ అనే వాదనను ఏ పరీక్షా కాదనలేదు. కాదనడానికి వీలులేని వాదనను ఆధారంగా తీసుకుని ఒక రోగికి సలహా చెప్పడం నాకు సమ్మతం కాదు. పశువుల కథలో నేను గ్రహించేది మరొకటి: అక్కడ కూడా వైరస్ ఒక్కటే చాలలేదు.

మనుషుల్లో అన్నవాహిక స్క్వేమస్ క్యాన్సర్‌ను నిర్ణయించేవి ఇప్పటికే బాగా తెలిసినవి. పొగాకు, మద్యం ఒక్కొక్కటే ప్రమాదాన్ని పెంచుతాయి. రెండూ కలిస్తే ఆ పెరుగుదల కూడికగా కాక గుణింతంగా ఉంటుంది. వక్క నమలడం, 65 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి పానీయాలు తాగడం, పండ్లు కూరగాయలు బొత్తిగా తక్కువైన ఆహారం, అకలేషియా అనే మింగుడు లోపం, ఆమ్లం లేదా క్షారం మింగడం వల్ల కాలిన పాత గాయాలు ఈ వరుసలో ఉన్నాయి. మద్యం తాగగానే ముఖం ఎర్రబడే జన్యు లక్షణం ఉన్నవారికి మద్యంతో వచ్చే ప్రమాదం మరింత ఎక్కువ. మీరు పొగ తాగుతారో లేదో రాయలేదు. తాగుతూ ఉంటే, ఆ నాలుగు మిల్లీమీటర్ల పాపిలోమా గురించి పడే ఆందోళనంతా అటు మళ్లించడం మంచిది.

పీసీఆర్ విషయంలో నా జవాబు సూటిగా చెబుతాను: అక్కర్లేదు. ఒక పరీక్ష చేయించే ముందు దాని ఫలితం ఎలా వచ్చినా చికిత్సలో ఏం మారుతుందని అడగాలి. 6వ రకం అని వస్తే ఏమీ చేయము. 16వ రకం అని వస్తే కూడా, డిస్‌ప్లేసియా లేని, పూర్తిగా తొలగించిన చిన్న పాపిలోమాకు అదనంగా చేయగలిగింది లేదు. మీకు నిద్ర మాత్రం పట్టదు. పీ16 అనే రంగు పరీక్ష గురించి కూడా ఎక్కడో చదివానని రాశారు. టాన్సిల్ ప్రాంతంలో అది హెచ్‌పీవీకి నమ్మకమైన ఆనవాలు. అన్నవాహికలో వైరస్ లేకుండానే అది కనిపించవచ్చు, పైగా ఇక్కడి క్యాన్సర్లలో ఆ జన్యువే తరచుగా చెరిగిపోయి ఉంటుంది కాబట్టి దాని ఫలితం అటూ ఇటూ రెండు వైపులా తప్పుదారి పట్టిస్తుంది. ప్రయోగశాలలు ఇలాంటి పరీక్షలను ఒక మూటగా కట్టి అమ్మడం చూస్తుంటే నాకు చిరాకు కలుగుతుంది. మీరు ఖర్చు పెట్టదలచుకుంటే, అదే స్లైడును అన్నవాహిక, జీర్ణాశయ వ్యాధుల్లో ప్రత్యేక అనుభవం ఉన్న మరో పాథాలజిస్టుకు చూపించడం అన్నింటికంటే సార్థకమైన ఖర్చు. ఆయన కూడా డిస్‌ప్లేసియా లేదంటే ఆ ప్రశ్న అక్కడితో ముగిసినట్లే.

చికిత్స సంగతికి వస్తే, హెచ్‌పీవీని శరీరం నుంచి తొలగించే మాత్రలు లేవు. హెర్పిస్‌కు వాడే మందులు దీనిపై పనిచేయవు, యాంటీబయోటిక్స్‌తో సంబంధమే లేదు. చిన్న పాపిలోమాను బయాప్సీ పట్టుకారుతోనే పూర్తిగా తీసేయవచ్చు. పెద్దవాటిని అడుగున ద్రవం ఎక్కించి పొరను పైకి లేపి కత్తిరిస్తారు. విస్తారంగా ఉన్నవాటిని వేడితోనో, అతిశీతలంతోనో దశలవారీగా కాల్చివేస్తారు. పూర్తిగా తీసిన ఒంటరి పాపిలోమా తిరిగి రావడం అరుదు. ఆ తర్వాత ఎంతకాలానికి మళ్లీ చూడాలన్న దానిపై అందరూ ఒప్పుకున్న నియమం ఏదీ లేదు. మీలాంటివారిలో కొందరు వైద్యులు ఏడాదికి ఒకసారి చూద్దామంటారు, కొందరు అవసరం లేదంటారు. తొలగింపు పూర్తయిందని ఎండోస్కోపీ చేసినవారు స్పష్టంగా రాసి ఉంటే, కేవలం దీని కోసం ఏటేటా గొట్టం మింగాలని నేను చెప్పను. పొగాకు, మద్యం అలవాట్లు దీర్ఘకాలంగా ఉన్నవారి విషయంలో మాత్రం ఒకసారి అయోడిన్ ద్రావణం చల్లి అన్నవాహిక మొత్తం పరిశీలించమని అడుగుతాను. ఆరోగ్యకరమైన పొర ముదురు గోధుమ రంగు తిరుగుతుంది, డిస్‌ప్లేసియా ఉన్న చోటు రంగు పట్టక లేతగా మిగులుతుంది; మామూలు కాంతిలో తప్పించుకునే మచ్చలు అలా బయటపడతాయి. మీ గుండెమంటకు ఆమ్లాన్ని తగ్గించే మందులు కొనసాగించడం మంచిదే, అయితే అది గుండెమంట కోసం.

మీ భార్యకు ఈ కారణంగా ఎండోస్కోపీ గానీ, నోటి పరీక్ష గానీ అవసరం లేదు. గర్భాశయ ముఖద్వార పరీక్ష ఆమె ఎలాగూ చేయించుకోవలసిందే: 30 ఏళ్ల నుంచి, హెచ్‌పీవీ పరీక్ష అయితే 5 నుంచి 10 ఏళ్లకు ఒకసారి చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. మీ నివేదిక వల్ల ఆ గడువు ముందుకు జరగదు. ముద్దు పెట్టుకోవడం, ఒకే పళ్లెంలో తినడం వంటివి మానుకోవడం అర్థంలేని శిక్ష.

టీకా గురించి. 2006లో వచ్చిన టీకా 6, 11, 16, 18 రకాల నుంచి కాపాడుతుంది. 2014లో ఆమోదం పొందిన తొమ్మిది రకాల టీకాలో వీటికి 31, 33, 45, 52, 58 చేరాయి. ఇవి వైరస్ పైతొడుగును మాత్రమే పోలిన ఖాళీ కణికలు. వాటిలో డీఎన్‌ఏ ఉండదు, కాబట్టి టీకాతో ఇన్ఫెక్షన్ రాదు. కొత్తగా వచ్చే వైరస్‌ను ఆపుతాయి గానీ, ఇప్పటికే కణాల్లో కుదురుకున్నదాన్ని వెళ్లగొట్టవు. అందువల్ల మీ పాపిలోమాకు చికిత్సగా టీకా వేయించుకోవడం నిరర్థకం. కొన్ని దేశాల్లో 45 ఏళ్ల వరకు వేయడానికి అనుమతి ఉన్నా, వయసు పెరిగేకొద్దీ లాభం తగ్గుతుంది. మీ పిల్లల సంగతి వేరు. 9 నుంచి 14 ఏళ్ల మధ్య, వైరస్ సోకే అవకాశం రాకముందే వేస్తే ఈ టీకా అత్యుత్తమంగా పనిచేస్తుంది; ఆ వయసులో ఒకటి లేదా రెండు మోతాదులు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. దాన్ని వేయించడానికి కారణం మీ అన్నవాహిక కాదు, గర్భాశయ ముఖద్వారం, గొంతు, మలద్వార క్యాన్సర్లు. అన్నవాహిక జబ్బుల నివారణ పేరుతో ఈ టీకాలకు ఆమోదం లేదు. అయినా 2007లో జాతీయ స్థాయిలో టీకా మొదలుపెట్టిన ఆస్ట్రేలియాలో పసిపిల్లల స్వరపేటిక పాపిలోమాలు గణనీయంగా తగ్గిపోయాయి కాబట్టి, 6, 11 రకాల వల్ల వచ్చే అన్నవాహిక పాపిలోమాలు కూడా వచ్చే తరంలో తగ్గుతాయని ఆశించడం అసమంజసం కాదు.

మిమ్మల్ని స్వయంగా పరీక్షించకుండా, మీరు రాసిన వివరాల మీద మాత్రమే ఆధారపడి ఇదంతా చెప్పాను. ఘనాహారం గొంతు దిగిన తర్వాత ఛాతీలో ఆగినట్లు అనిపించడం, ఆ ఇబ్బంది వారాల వ్యవధిలో పెరగడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం వాంతి కావడం, మలం తారులా నల్లగా రావడం, రక్తహీనత, కొత్తగా వచ్చి తగ్గని గొంతు బొంగురు, వీటిలో ఏది కనిపించినా పాత నివేదికలో ఏముందన్నదానితో నిమిత్తం లేకుండా వెంటనే మళ్లీ ఎండోస్కోపీ చేయించుకోవాలి. అప్పుడు పాత ఎండోస్కోపీ చిత్రాలనూ, పాథాలజీ స్లైడ్లనూ వెంట తీసుకెళ్లండి. పాపిలోమా అప్పుడు దంతాల నుంచి ఎన్ని సెంటీమీటర్ల లోతులో ఉందో నివేదికలో రాసి ఉంటుంది, కొత్తగా చూసేవారు సరిగ్గా ఆ చోటును వెతికి చూడగలుగుతారు.